వరికుచ్చు నేరం

మా ఊళ్ళో పిట్టలున్నాయన్న సంగతి మునిసిపాలిటీకి మొన్నటి చలికాలం దాకా తెలియదు. తెలియనన్నాళ్ళూ అవి సుఖంగా బతికాయి.

తెలియడానికి కారణం మా కమిషనర్ గారు ఏదో చల్లటి దేశానికి శిక్షణకని వెళ్ళి రావడం. ఆయన వెళ్ళింది మురుగునీరు ఎలా పారించాలో నేర్చుకోవడానికి. అక్కడ జనం చలికాలం పొద్దున్నే చేతిలో కాఫీ కప్పు పట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని, పెరట్లోకి వచ్చే పిట్టల్ని లెక్కపెట్టుకోవడం ఆయన కంటబడింది. మా వీధి మురుగు ఇప్పటికీ ఎక్కడిదక్కడే ఉంది గాని, పిట్టల లెక్క మాత్రం ఆయనతోపాటు విమానంలో దిగింది.

దిగిన వారానికి ఊరంతా కరపత్రాలు పంచారు. దాని పేరు ‘గృహ ప్రాంగణ శీతాకాల విహంగ వీక్షణ మహోద్యమం’. ‘పట్టణ పౌరులెల్లరు తమ తమ పెరళ్ళయందు సంచరించు పక్షులను స్వచ్ఛందముగాను, ఉత్సాహముగాను వీక్షించవలెను. వీక్షించనివారిపై తగు చర్యలు తీసుకొనబడును’ అని అందులో ఉంది. ఎక్కువ పిట్టలు కనబడిన వార్డుకి ‘విహంగ వార్డు’ అని బిరుదు, ఒక షీల్డు ఇస్తామన్నారు. వేసవిలో మునిసిపల్ ఎన్నికలున్నాయి. కాబట్టి అప్పటిదాకా ఆకాశం వంక చూడని కౌన్సిలర్లందరూ మెడలు నొప్పిపుట్టేలా పైకి చూడడం మొదలుపెట్టారు.

ఈ గొడవలోకి మేమెలా వచ్చామో చెప్పాలి. నా పేరు అచ్యుతరామం. టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. తీగలు లాగింది మేము, వాటిని నిజంగా వాడుకున్నది పిట్టలు, అంచేత వాటితో నాకు పాత పరిచయమే. నా భార్య సుభాషిణి కార్తీకమాసం మొదట్లో స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. ఎముక అతుక్కుంది, ఇంక లేచి నడవాలన్నాడు డాక్టరు. ఆవిడ నడవనంది. మళ్ళీ పడతానేమోనని భయం. వాకర్ తెచ్చి మంచం పక్కన పెడితే దానిమీద తువ్వాలు ఆరేసింది. రోజంతా గోడవైపు తిరిగి పడుకునేది. ఇంట్లో ఒక్క క్షణం ఒకచోట కూర్చోని మనిషి అలా గోడని చూస్తూ పడుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

అప్పుడు మా మరదలు పొలం నుంచి కొత్త వరికంకులు ఒక మోపెడు తెచ్చింది. సుభాషిణి పుట్టింట్లో ఒక అలవాటుంది. పంట కోతకి రాగానే మొదటి కంకుల్ని జడలా అల్లి, కుచ్చుగా కట్టి, చూరుకి వేలాడదీస్తారు. పిచ్చుకలు ముట్టాకే ఇంట్లో కొత్తబియ్యం వండుతారు. కంకులు చూడగానే ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుని, ఎవరూ అడగకుండానే అల్లడం మొదలుపెట్టింది. ఆపరేషన్ తరవాత తనంతట తాను చేసిన మొదటి పని అది. అల్లిన కుచ్చుని ఆవిడ మంచం పక్క కిటికీకి బయటివైపు నేనే కట్టాను.

మర్నాటికి పిచ్చుకలు వచ్చాయి. తరవాత పిచ్చుకకంటే బుల్లివి, జీనువాయిలు వచ్చాయి. ఆ సందడి చూసి ఒక పికిలిపిట్ట జామచెట్టు మీదికి, చలికాలానికి మాత్రమే చుట్టపుచూపుగా వచ్చే తోకాడించే పిట్ట ఒకటి చాకిరేవు బండ మీదికి వచ్చాయి. సుభాషిణి గోడవైపు నుంచి కిటికీవైపు తిరిగింది. రెండు పిచ్చుకలకి మరదళ్ళ పేర్లు కూడా పెట్టింది, తిండి దగ్గర దెబ్బలాడుకునే తీరుని బట్టి. ఒకనాడు పొద్దున్న ఒక పిచ్చుక కమ్మీల చివరికి వెళ్ళి కనబడకుండా పోతే, ఆవిడ కిటికీ ఊచలు పట్టుకుని లేచి నిలబడి చూసింది. నేను కాఫీ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయాను. చప్పుడైతే పిచ్చుక ఎగిరిపోతుందని ఆవిడ భయం, ఆవిడ కూర్చుండిపోతుందని నా భయం.

సరిగ్గా ఆ సమయంలో మా ఐదో వార్డు కౌన్సిలర్ ముత్యాల్రావు ఇంట్లోకి వచ్చాడు.

వీధిలో అన్ని పిట్టలు ఒక్క మా పెరట్లోనే ఉన్నాయని ఎవరో చెప్పారట. అతను కిటికీలోంచి చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు. “పిన్నిగారూ, వార్డు పరువు నిలబెట్టారండీ. ఆయ్, ఈ పిట్టలన్నీ మనయ్యే” అని చేతులు జోడించాడు. సాయంత్రానికల్లా మా గోడకి ఒక ఫ్లెక్సీ కట్టించాడు. అందులో అతను నిలువెత్తున నమస్కారం పెడుతున్నాడు. అతని మోచేతి దగ్గర పిచ్చుక ఉంది, కళ్ళజోడు పెట్టుకుని చూస్తే కనబడుతుంది. ఫ్లెక్సీ రెపరెపలకి పికిలిపిట్ట ఆ రోజే వెళ్ళిపోయింది. ఉద్యమానికి అది మొదటి త్యాగం.

ఫ్లెక్సీ చూసి ఆరో వార్డు కౌన్సిలర్ నాగరత్నం గారు మండిపడ్డారు. ఆ పిచ్చుకలన్నీ రాత్రిళ్ళు పడుకునేది ఆరో వార్డులోని రైసుమిల్లు చూరులోనట. వాటి గూళ్ళు అక్కడే, వాటి పుట్టుక అక్కడే. పగలు తిండికి ఐదో వార్డుకి వెళ్ళినంతమాత్రాన వాళ్ళ పిట్టలెలా అవుతాయని ఆవిడ వాదన. ముత్యాల్రావు దానికి, ఎవరు తిండి పెడితే వాళ్ళవే, మనుషుల విషయంలో ఇన్నాళ్ళూ మనం చూసింది అదే కదా అన్నాడు. అది ఆవిడ కాదనలేకపోయింది. అందుకని తిండి పెట్టడమే నేరమని మునిసిపాలిటీలో ఫిర్యాదు ఇచ్చింది.

ఫిర్యాదు విచారించడానికి పక్షి గణనాధికారి నూకరాజు గారు వచ్చారు. ఆయన అసలు ఉద్యోగం శానిటరీ ఇన్‌స్పెక్టర్. వీధికుక్కలు కూడా ఆయన అదనపు బాధ్యతే, కాబట్టి పిట్టల విచారణకి కూడా చేతిలో ఉచ్చుతాడుతోనే వచ్చారు. నాతో మామూలుగా ‘ఎండ బాగా కాత్తందండి’ అని మాట్లాడిన మనిషి, విచారణ మొదలవగానే గొంతు మార్చేశారు.

“ఈ ధాన్యమును కిటికీకి వేలాడదీయుటలో మీ ఉద్దేశమేమి?” అని మంచం మీదున్న సుభాషిణిని అడిగారు.

“తినడానికండీ” అంది ఆవిడ.

“ఎవరు తినుటకు?”

“పిచ్చుకలు.”

“నేరమును అంగీకరించినట్లు నమోదు చేయడమైనది” అని ఆయన రాసుకున్నారు.

గణన ముగిసేవరకూ పక్షులకు ధాన్యం, ఫలం, కీటకం వగైరాలు చూపి ఒక వార్డు నుంచి మరో వార్డుకు ఆకర్షించడం ప్రలోభం కిందికి వస్తుందట. ఎన్నికల్లో చీరలు పంచితే ఏ సెక్షనో దీనికీ అదే సెక్షనట. చీర పుచ్చుకున్న పిచ్చుక ఏదైనా ఉందా అని నేను అడిగాను. దాన్ని కూడా రాసుకున్నారు. పక్కింటి ఇద్దరిని సాక్షులుగా పిలిచి పంచనామా చేసి, కుచ్చుని విప్పించి, గుడ్డసంచిలో వేసి, లక్కముద్ర కొట్టారు. తోకాడించే పిట్ట ఒకటి బండ మీద కనబడితే, ఇది ఎక్కడిదని అడిగారు. చలికాలానికి ఉత్తరాది నుంచి వస్తుందని చెప్పాను. స్థానికేతరమని తేలితే లెక్కలోకి రాదని చెప్పి, దాన్ని ఉచ్చుతాడుతో అదిలించారు.

ముద్ర మీద లక్క కారుతుంటే సుభాషిణి చూస్తూ కూర్చుంది. “ఏవండీ, అవి పొద్దున్నే వస్తాయి కదండీ, వచ్చి చూసుకుంటాయి కదా” అని మాత్రం నాతో అంది. పొద్దున్నే వచ్చాయి. ఖాళీ కమ్మీ మీద కాసేపు కూర్చుని, ఆవిడ వంక తలలు అటూ ఇటూ తిప్పి చూసి వెళ్ళిపోయాయి. నాలుగో నాటికి రావడం మానేశాయి. ఆవిడ మళ్ళీ గోడవైపు తిరిగింది. వాకర్ మీదికి తువ్వాలు మళ్ళీ వచ్చింది. కుచ్చు ఇంకోటి కడదామంటే, “నన్ను జైల్లో పెడతారండీ, మీరు వంట చేసుకోలేరు” అంది.

నేను నూకరాజు గారి చుట్టూ తిరిగాను. ఆవిడ ఆరోగ్యం సంగతి చెప్పాను. ఆయన పాపం విన్నారు. మనిషిగా చాలా బాధగా ఉందని, గణనాధికారిగా మాత్రం తనకి బాధపడే అధికారం లేదని చెప్పారు.

ఇక ఊళ్ళో న్యాయం జోరందుకుంది. ఒక వార్డు కుచ్చు పట్టుకున్నప్పుడు మరో వార్డు జామచెట్టుని వదలడం ఎలా అని నాగరత్నం గారి మీద ముత్యాల్రావు తిరుగు ఫిర్యాదు పెట్టాడు. నిజమే కదా అనుకుని, అన్ని వార్డుల్లోనూ జామకాయలు, సీతాఫలాలు కోయించి తీసుకుపోయారు. అవి ఏమయ్యాయో పిట్టలకి తెలియదు, మునిసిపల్ సిబ్బందికి తెలుసు. మూడో వార్డులో చెట్లు ఎక్కువున్నాయని, సమాన అవకాశాల సూత్రం ప్రకారం కొమ్మలు కొట్టించారు. రెండో వార్డులో చెట్లే లేవు కాబట్టి అందరూ రెండో వార్డు స్థాయికి రావాలన్నమాట.

ఒకే పిట్టని రెండు వార్డుల్లో లెక్కపెడితే దొంగ ఓటుతో సమానమని ఎవరికో తోచింది. లెక్కపెట్టిన పిట్ట కాలివేలికి చెరగని సిరా పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. వలలు, సిరా సీసాలు పట్టుకుని సిబ్బంది రెండు రోజులు ఊరంతా పరిగెత్తారు. చివరికి సిరా అంటింది వాళ్ళ వేళ్ళకి, మా వీధి చివర ఒక నాటుకోడికి. కోడి అడవి పక్షి కాదని దాన్ని లెక్కలోంచి తీసేశారు గాని, సిరా మాత్రం పోలేదు.

ఆ తరవాత క్యాంపులు మొదలయ్యాయి. లెక్క దగ్గరపడుతున్న కొద్దీ పిట్టలు ఎటు జారుకుంటాయోనని కౌన్సిలర్లకి నిద్ర పట్టడం లేదు. మనుషుల్ని కాపాడుకోవడానికి వాళ్ళకి తెలిసిన పద్ధతి ఒకటే ఉంది, ఎవరూ దాటిపోకుండా ఒకచోట పెట్టి తలుపు వేయడం. పిట్టల్ని హోటలుకి తీసుకెళ్ళడం కుదరదు కాబట్టి, ముత్యాల్రావు వార్డులో మిగిలిన చెట్లన్నిటికీ పైనుంచి కిందదాకా ఆకుపచ్చ వలలు కట్టించాడు. కట్టేటప్పుడు పగలు. పిట్టలన్నీ తిండికి బయటికి పోయి ఉన్నాయి. సాయంత్రం తిరిగొచ్చి చెట్టు చుట్టూ తిరిగి తిరిగి, లోపలికి పోయే దారి లేక ఎటో వెళ్ళిపోయాయి. అన్ని వార్డులవాళ్ళూ అదే చేశారు, రైసుమిల్లుతో సహా చూర్లకి కూడా కట్టించారు. ఊళ్ళో ప్రతి చెట్టుకీ పిట్టల నుంచి పూర్తి రక్షణ దొరికింది.

లెక్కరోజు వచ్చింది. కమిషనర్ గారు మెళ్ళో దూరదర్శినితో, చేతిలో కాఫీ కప్పుతో జీపు దిగారు. ఒక్కొక్క వార్డులో షామియానా, కుర్చీలు. పక్షులు బెదరకుండా నిశ్శబ్దం పాటించాలని మైకులో ఊరు దద్దరిల్లేలా చెబుతున్నారు. కుక్కర్లు కూత పెట్టకుండా ఇంటింటికీ ఒక మనిషిని నిలబెట్టారు. మా వార్డు పెరళ్ళలో కమిషనర్ గారు చాలాసేపు చూశారు. ఆయనకి ముత్యాల్రావు నమస్కారం తప్ప ఏమీ కనబడలేదు. ఆరో వార్డులో కూడా అంతే. ఊరు మొత్తానికి పిట్ట సున్నా అని తేలేసరికి కాఫీ చల్లారిపోయింది. పిట్టలు మూకుమ్మడిగా బహిష్కరించాయని, దీని వెనక కుట్ర ఉందని నాగరత్నం గారు పత్రికలవాళ్ళతో అన్నారు.

అదే పొద్దున్న మునిసిపల్ ఆఫీసులో మా కేసు విచారణ. ముద్దాయి స్వయంగా హాజరు కావాలని నోటీసులో ఉంది. మెడికల్ సర్టిఫికెట్ పట్టుకుని నేనొక్కడినే బయల్దేరబోతుంటే సుభాషిణి గోడవైపు నుంచే, “నేనూ వస్తానండీ. నా కుచ్చు అక్కడే ఉంది కదా” అంది. ఎందుకొచ్చిన శ్రమ అనబోయి, నాలుక కరుచుకున్నాను. ఆటో అబ్బాయీ నేనూ కలిసి ఎత్తి కూర్చోబెట్టాం. వాకర్ మీది తువ్వాలు తీసి మడిచిపెట్టింది ఆవిడే.

ఆఫీసు గేటు దాటుతుంటేనే సందడి వినబడింది. ముందు ఏదో సమావేశం అనుకున్నాను. ఆ గొడవ మనుషులది కాదని సుభాషిణికి నాకంటే ముందు తెలిసింది.

జరిగింది ఏమిటంటే, లక్కముద్ర వేసిన సంచిని స్టోరు గదిలో పెడితే ఎలకలు కొట్టేశాయి. సాక్ష్యం పాడైతే ఉద్యోగం పోతుందని నూకరాజు గారు హడలిపోయి, ఎలకలకి అందకుండా కుచ్చుని వరండా చివర దూలానికి వేలాడదీయించారు. ఊళ్ళో ఇంకెక్కడా తిండి గాని, వల లేని చూరు గాని లేదు కదా. రైసుమిల్లు పిచ్చుకలు, జీనువాయిలు, మూడో వార్డు గోరింకలు, అలిగి వెళ్ళిన మా పికిలిపిట్ట, అన్నీ ఆ వరండాలో ఉన్నాయి. జనన మరణాల సెక్షన్ ఫ్యాను మీద గువ్వలున్నాయి. కొళాయి దగ్గర తడినేల మీద స్థానికేతర పిట్ట తోకాడిస్తూ తిరుగుతోంది.

మమ్మల్ని వరండాకి ఈ చివర కుర్చీలో కూర్చోబెట్టారు. నూకరాజు గారు ఆ చివర నిలబడి, ముద్దాయి వచ్చి స్వాధీనపరచుకొనబడిన వస్తువును గుర్తించవలెను అన్నారు. నడవలేని మనిషండీ, కాస్త దాన్నే ఇటు తీసుకురండి అని నేను బతిమాలాను.

“సాక్ష్యము ముద్దాయి వద్దకు రారాదు. ముద్దాయియే సాక్ష్యము వద్దకు పోవలెను” అన్నారు ఆయన.

నేను ఆయన మీదికి వెళ్ళబోయాను. ఈలోగా నా వెనక వాకర్ కాళ్ళు నేలకి తగిలిన చప్పుడైంది.

సుభాషిణి లేచింది. కళ్ళు కుచ్చు మీద పెట్టి, వాకర్‌ని ముందుకి జరుపుతూ, దాని వెనక అడుగు వేస్తూ వెళ్ళింది. పట్టుకోబోతే తలతోనే వద్దంది. గుమాస్తాలు సెక్షన్లలోంచి తలలు బయటికి పెట్టారు. ఆ వరండా అంత పొడుగని ఇన్నేళ్ళలో నాకెప్పుడూ తోచలేదు. ఆవిడ దగ్గరికి వస్తే పిచ్చుకలు కాస్త పక్కకి జరిగాయి గాని ఎగిరిపోలేదు. నాకు ఏడుపొచ్చింది. మునిసిపల్ ఆఫీసులో ఏడ్చినవాళ్ళు చాలామంది ఉంటారు, సంతోషంతో ఏడ్చినవాణ్ణి బహుశా నేనే.

సున్నా పట్టుకుని వచ్చిన కమిషనర్ గారు అప్పుడే మెట్లెక్కి, అక్కడే ఆగిపోయారు.

“ఈ కుచ్చు మీదేనా?” అని నూకరాజు గారు అడిగారు.

సుభాషిణి దాన్ని చేత్తో తిప్పి చూసింది. “అల్లిక నాదేనండీ. గింజలేవీ?” అంది.

గింజలు లేవు. ఒట్టి గడ్డి వేలాడుతోంది. నేరానికి ఆధారమైన ధాన్యాన్ని బాధితులే తినేశారు. అంతలో కమిషనర్ గారు దగ్గరికి వచ్చి, దీన్ని ఇక్కడ ఎవరు కట్టారని అడిగారు. ఆవిడ కిటికీకి కడితే ప్రలోభం అయినప్పుడు, ఆఫీసు దూలానికి కడితే ఏమవుతుందో అక్కడున్నవాళ్ళందరికీ ఒక్కసారే వెలిగింది. నూకరాజు గారి చేతిలోంచి ఉచ్చుతాడు జారి కిందపడింది.

కానీ కమిషనర్ గారు ఊరికే అంతటివారు కాలేదు. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, తెరిచి, దూరదర్శిని కళ్ళకి పెట్టుకుని, చేయి చాస్తే అందే పిచ్చుకని తదేకంగా చూశారు. తరవాత ప్రసంగించారు. మునిసిపల్ కార్యాలయం ఏ వార్డుకూ చెందక అన్ని వార్డులకూ చెందినదనీ, పురపాలక సంఘం ముందుచూపుతో చేపట్టిన విహంగ ఆకర్షక పథకం ఫలించి నేడు పట్టణంలోని సమస్త పక్షిజాతి కార్యాలయాన్ని ఆశ్రయించిందనీ చెప్పారు. షీల్డుని కమిషనర్ హోదాలో తానే బహూకరించి, గణన సంఘం అధ్యక్షుడి హోదాలో తానే స్వీకరించారు. నూకరాజు గారికి శాలువా కప్పారు. సాక్ష్యము భక్షింపబడినందున మా కేసు మూసివేయడమైనది అన్నారు.

గింజలు ఎవరు తిరిగిస్తారని సుభాషిణి అడిగింది. ఆ ప్రశ్న ఏ సెక్షన్‌కి వస్తుందో అక్కడ ఎవరికీ తెలియలేదు.

ఆటో దాకా ఆవిడ నడిచే వచ్చింది. మరదలికి ఫోన్ చేసి కంకులు తెప్పించి, ఈసారి ఇంకా పెద్ద కుచ్చు అల్లింది. కిటికీకి నేను కడతానంటే, మీరు ముడి సరిగ్గా వేయరు అని తనే నిలబడి కట్టింది. ముత్యాల్రావు ఫ్లెక్సీ విప్పి నేను జామచెట్టు కింద ఎండుటాకులు పోగెయ్యడానికి వాడుకున్నాను. పిచ్చుకలు వచ్చాయి, మరదళ్ళిద్దరూ దెబ్బలాటతో సహా.

పదిరోజులు తిరక్కుండా నోటీసు వచ్చింది. షీల్డు పొందిన మునిసిపల్ కార్యాలయపు పక్షులు విధులకు సక్రమముగా హాజరు కావడం లేదట. విచారణలో అవి మా ఇంటికి పోవుచున్నట్లు తెలిసిందట. ప్రభుత్వ పక్షులను ధాన్యం చూపి ఆకర్షించినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో వారంలోగా ఇందులోనే కింది ఖాళీలో సమాధానం రాసి పంపవలెను అని ఉంది. కింద నూకరాజు గారి సంతకం.

సుభాషిణి నోటీసు రెండుసార్లు చదివింది. తరవాత వాకర్ లేకుండానే గోడ పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచి, దాన్ని కుచ్చు కింద గట్టు మీద నీటుగా పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా గులకరాళ్ళు పెట్టింది.

సాయంత్రానికి సమాధానం కోసం వదిలిన ఖాళీ అంతా పిచ్చుకలు నింపేశాయి. ఆరాక మడతపెట్టి, గడువులోగానే రిజిస్టర్ పోస్టులో పంపాను.